నూఱేండ్లు తాళము వేసిన వెండి

2024వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన కోపెన్‌హేగన్ నగరమున లార్స్ ఎమిల్ బ్రూన్ అను వెన్నవర్తకుని నాణెముల సేకరణలోని తొలి భాగము వేలమునకు వచ్చి, 286 అంశములు సుమారు 1.48 కోట్ల యూరోలకు అమ్ముడుపోయినప్పుడు, దేశదేశముల పత్రికలన్నియు ఒకే నాణెమును గూర్చి వ్రాసినవి. అది డెన్మార్కు రాజగు హాన్స్ 1496లో ముద్రింపించిన బంగారు నోబుల్. ఆ దేశపు మొట్టమొదటి బంగారు నాణెమగుటచేతను, 12 లక్షల యూరోలు పలికి స్కాండినేవియా నాణెములలో నంతవరకు ఏదియు నందుకొనని వెల నందుకొనుటచేతను, ఆ ఒక్కటియే వేలమునకు ముఖచిత్రమైనది. దాని ప్రక్కనే బల్లలపై నున్న వెండిని గూర్చి వ్రాసినవారు మిక్కిలి తక్కువ. ఆ తక్కువతనమే నన్నీ వ్యాసమునకు పురికొల్పినది. ఏలయన, ఆ సేకరణ ప్రాణము బంగారములో గాక వెండిలో నున్నదని నా దృఢమైన అభిప్రాయము.

బంగారముపై మనుష్యులకు గల మక్కువను నేను తప్పుపట్టుట లేదు. కాని హాన్స్ రాజు నోబుల్ వంటి నాణెము పుట్టుటయే ముఖ్యముగా గౌరవము కొఱకు. అది రాజుల పెట్టెలలోను, ప్రభువుల భాండాగారములలోను భద్రముగా నుండి, సంతలలోని చేతుల రాపిడి నంతగా నెఱుగక మనదాక వచ్చినది. వెండి యట్లు కాదు. సైనికుని జీతము, నావికుని బత్తెము, సంతలో ధాన్యపు వెల, జలసంధిని దాటు నోడలు చెల్లించు సుంకము, ఇవన్నియు వెండితోనే నడచినవి. చేతులు మారిన కొలది అరిగి, అంచులు కత్తిరింపబడి, రాజ్యమునకు యుద్ధము వచ్చిన ప్రతి పర్యాయము మూసలో బడి క్రొత్త నాణెముగా మారుటయే దాని విధి. అందుచేత పదునాఱవ, పదునేడవ శతాబ్దుల నాటి పెద్ద వెండినాణె మొకటి ముద్ర చెదరక నేటికి నిలిచియున్నదన్నచో, దానిని మూసలో బడనీయక యెవరో యొకరు దాచి రనియు, వారి తరువాత మఱియొకరు, ఆ తరువాత వేఱొకరు దాచుచు వచ్చిరనియు మనము గ్రహింపవలెను. ఆ దాచినవారి వరుసయే నాణెపు చరిత్రలో సగము.

అట్టి వెండినాణెములలో మూడవ ఫ్రెడరిక్ రాజు 1659లో ముద్రింపించిన క్రోన నా దృష్టిలో నన్నిటికంటె గొప్పది. డెన్మార్కువారు దానిని ఎబెనేజరు నాణెమని పిలుతురు. ఒక ప్రక్క కిరీటముతో గూడిన రాజనామపు ముద్రాక్షరమును, ఎబెన్ ఎజెర్ అను హెబ్రీ పదములు చెక్కిన శిలయు గలవు. రెండవ ప్రక్క మేఘములలోనుండి వెడలిన బాహువొకటి ఖడ్గము నెత్తి, కిరీటమును బట్టుకొనుటకై చాచిన వేఱొక చేతిని మణికట్టువద్ద నరకుచున్నది. మహిమ దేవునికి మాత్రమే చెందునను లాటిను వాక్యము దానిని జుట్టియున్నది. ఎబెనేజరనునది ఫిలిష్తీయులు పాఱిపోయిన పిమ్మట సమూయేలు ప్రవక్త నిలిపిన రాయి పేరు. దేవుడు ఇంతవరకు మనకు తోడ్పడెనని చెప్పి యాతడా రాతిని నాటెనని బైబిలు కథ. మన కోస్తాజిల్లాల పల్లెలలో ప్రార్థనామందిరములకు సైతము ఆ పేరున్నందున తెలుగు పాఠకులకది వింతగా తోచదు. వింత గొలుపునది, నాలుగు మార్కుల విలువగల యొక రాజనాణెముపై నరకబడుచున్న మనుష్యహస్తము.

ఆ హస్త మెవరిదో తెలియవలెనన్న నొక యేడు వెనుకకు బోవలెను. 1658 శీతకాలము ఉత్తర యూరపున మిక్కిలి కఠినముగా వచ్చి, డెన్మార్కు ద్వీపముల నడుమనున్న బెల్టు జలసంధులు గడ్డకట్టినవి. స్వీడన్ రాజగు పదవ కార్ల్ గుస్తావ్, జూట్లండ్ ద్వీపకల్పమున విడిసియున్న తన సేనను ఆ మంచుమీదుగా నడిపించి, జనవరి చివర చిన్న బెల్టును, ఫిబ్రవరి మొదట పెద్ద బెల్టును దాటించి, సముద్రమే తమకు కోటయని నమ్మియున్న డెన్మార్కు రాజధానిని సమీపించెను. మంచు పగిలి గుఱ్ఱములతోకూడ మునిగిన దళములు గలవు, దాటినవారు చాలిరి. ఫిబ్రవరి 26వ తేదీన రోస్కిల్డెలో కుదిరిన సంధివలన డెన్మార్కు స్కోనె, హాలండ్, బ్లెకింగె అను తూర్పుసీమలను, బోర్న్‌హోల్మ్ ద్వీపమును, నార్వేలోని బోహుస్లేన్, ట్రోండ్‌హైమ్ ప్రాంతములను వదలుకొనవలసి వచ్చెను. యూరపు చరిత్రలో నొక రాజ్యము ఒక్క చలికాలమున నింతగా కుదించుకొనిపోయిన సందర్భము లరుదు.

కార్ల్ గుస్తావ్ అంతటితో తృప్తిజెందక, అదే సంవత్సరము ఆగస్టులో మరల జీలండ్ ద్వీపమున దిగి, ఈసారి రాజధానినే కబళింప నుద్యమించెను. నగరము విడిచిపొమ్మని హితవు చెప్పినవారికి ఫ్రెడరిక్ తన గూటిలోనే తాను చచ్చెదనని బదులు పలికెనని ఆ దేశస్థులు నేటికిని చెప్పుకొందురు. ముట్టడి నెలల తరబడి సాగెను. శరత్తు చివర డచ్చి నౌకాదళము అబ్దాం నాయకత్వమున జలసంధిలో స్వీడను నౌకలతో పోరాడి చొచ్చుకొనివచ్చి, ధాన్యమును సైనికులను జేర్చియుండనిచో నగరము ఆకలికే లొంగియుండెడిది. తుదకు 1659 ఫిబ్రవరి 10వ తేది రాత్రి స్వీడను సైనికులు మంచులో కలసిపోవునట్లు దుస్తులపై తెల్లని చొక్కాలు తొడిగికొని, గోడలపైకి లగ్గ పట్టిరి. కందకములలోని మంచు గట్టిపడి శత్రువునకు వంతెన కాకుండుటకై నగరవాసులు దానిని పగులగొట్టియుంచిరి. సైనికుల సరసన విశ్వవిద్యాలయపు విద్యార్థులును, చేతిపనివారును, స్త్రీలును నిలిచి, పైనుండి మఱుగునీరును, కాగిన తారును గుమ్మరించిరి. 11వ తేది తెల్లవాఱునప్పటికి దాడి విఫలమైనది. మేఘములలోని బాహువు నరకినది కార్ల్ గుస్తావ్ చేతిని.

ఈ నాణెమును నేనింతగా గౌరవించుటకు కారణము దాని బొమ్మలోని సత్యమే కాదు. అది చెప్పక విడిచినదియు నాకంత ముఖ్యము. కిరీటము నిలిచినమాట నిజము. 1660లో కార్ల్ గుస్తావ్ మరణింపగా కుదిరిన సంధిలో బోర్న్‌హోల్మ్, ట్రోండ్‌హైమ్ తిరిగి వచ్చినవి. కాని జలసంధికి ఆవలి యొడ్డునగల సారవంతమైన సీమలు మఱెన్నడును రాలేదు, నేటికిని అవి స్వీడనువే. గోడలపై నిలిచిన సాలెవానికి గాని, నీరు మఱగించిన యిల్లాలికి గాని నాణెముపై చోటు లేదు. అదే యేడాది శరత్తున ఫ్రెడరిక్ ప్రభువర్గపు హక్కులను అణచి, సింహాసనమును వంశపారంపర్యము గావించుకొని, సర్వాధికారియైనప్పుడు, నగరరక్షణలో ప్రజలు సంపాదించిపెట్టిన కీర్తియే యాతనికి ప్రధానమైన పెట్టుబడి. ఇట్లు ఒక క్రోనలో భయము, భక్తి, కృతజ్ఞత, రాజనీతి యన్నియు పోతపోసినట్లున్నవి. హాన్స్ రాజు నోబుల్ సింహాసనముపై గూర్చున్న రాజును జూపును. ఇది సింహాసనము ఊగిసలాడిన రాత్రిని జూపును.

వెండినాణెముపై దైవమును సాక్షిగా బిలుచుట ఆ వంశమునకు అదియే మొదలు కాదు. ఫ్రెడరిక్ తండ్రి నాలుగవ క్రిస్టియన్ 1643లో మొదలైన మఱియొక స్వీడను యుద్ధమున చిక్కి, 1644 వేసవిలో నౌకపై పోరాడుచు నొక కంటిచూపు కోలుపోయినవాడు. ఆ యుద్ధవ్యయమునకై యాతడు ముద్రింపించిన నాణెములపై దేవుని నామమును హెబ్రీ లిపిలో చెక్కించి, ఆయనయే న్యాయవంతుడగు తీర్పరియని లాటినులో వ్రాయించెను. ధనమునకై కిరీటమునే హాంబుర్గ్ నగరమున కుదువపెట్టిన రాజాతడు. ఆ హెబ్రీ నాణెమును, కొడుకు ఎబెనేజరును ప్రక్కప్రక్కన పెట్టి చూచినవానికి పదునేడవ శతాబ్దపు డెన్మార్కు చరిత్ర వేఱుగ బోధింప నక్కఱ లేదు.

ఆ నాణెములు ముద్రితమైన కాలమున, బంగాళాఖాతపు టొడ్డునను డెన్మార్కు పతాకము ఎగురుచుండెను. 1616లో వారి తూర్పిండియా వర్తకసంఘ మేర్పడగా, 1620లో తంజావూరు నేలుచున్న రఘునాథ నాయకుడు, వాల్మీకిచరిత్రము రచించిన మన తెలుగుకవి, తరంగంబాడివద్ద వారికి చోటిచ్చి సంధి చేసికొనెను. నాలుగవ క్రిస్టియనునకు ఆయన పంపిన బంగారురేకు లేఖ నేటికిని కోపెన్‌హేగన్ రాజ్యాభిలేఖాగారమున నున్నది. 1620ల దశకముననే వారు మచిలీపట్నమున గూడ బిడారు పెట్టి, అచటి వస్త్రములను తూర్పుదీవులకు గొనిపోయి లవంగముల వర్తకమున దిగిరి. యూరపు సరకులకు మన రేవులలో గిరాకి యంతంత మాత్రమే. ఓడలు మోసితెచ్చినవానిలో మనవారు కోరి పుచ్చుకొన్నది వెండియే. ఉత్తరపు గనులనుండియు, స్పెయినువారి అమెరికా గనులనుండియు బయలుదేఱిన యా లోహము ఇచట రూపాయిగా మాఱిపోయినది. కావుననే స్కాండినేవియా వెండినాణెములు అరుదగుటకు తూర్పుదేశపు వర్తకమును నొక కారణముగా నేను భావింతును. క్రిస్టియన్ యుద్ధములతో ఆ వర్తకము చితికి, మచిలీపట్నమున వారి ముఖ్యుడు పెస్సార్ట్ అప్పులపాలై, 1640ల నడుమనుండి 1669 వఱకు స్వదేశమునుండి యొక్క ఓడయు రాక, తరంగంబాడి కోటలో కొలదిమంది ఎస్కిల్డ్ అండర్సన్ కోంగ్స్‌బాకె యనువాని పెద్దఱికమున కాలము వెళ్లబుచ్చిరి. తమ రాజధానికి ముట్టడి పడినప్పుడు సైతము వారికి దిక్కు స్వశక్తియే.

ఇక నీ నాణెములను దాచినవారి మాట. విచిత్రమేమనగా, ఎబెనేజరును ముద్రింపించిన రాజే డెన్మార్కు రాజుల నాణెసంగ్రహమునకు మూలపురుషుడుగా గూడ నెన్నబడుచున్నాడు. మూడవ ఫ్రెడరిక్ విద్యాసక్తుడు. 1650 ప్రాంతమున నాతడు నెలకొల్పిన కళావస్తుభాండారమునకు, ఓలె వోర్మ్ అను వైద్యపండితుడు జీవితమెల్ల సమకూర్చిన వింతవస్తువుల సంగ్రహము, ఆయన 1654లో మృతినొందిన పిమ్మట వచ్చి చేరెను. నాణెములు, శంఖములు, కొమ్ములు, అస్థులు, సాధనములు అన్నియు ఒకే చూరు క్రింద నుండిన కాలమది. ఆ భాండారమునుండియే క్రమముగా నాణెముల శాఖ వేఱుపడి, పదునెనిమిదవ శతాబ్ది చివర స్వతంత్రసంస్థయై, తరువాత జాతీయ వస్తుప్రదర్శనశాలలో భాగమైనది.

రాజుగారి తాళము మాత్రము చాలదని చూపిన ఘోర మొకటి 1802 మే 4వ తేది రాత్రి జరిగినది. గలేహుస్ గ్రామమున 1639లో కిర్‌స్టెన్ అను లేసునేత బాలికకు దొరికిన పొడవైన బంగారు కొమ్మును, 1734లో అచటనే దొరికిన పొట్టికొమ్మును, అయిదవ శతాబ్ది నాటివగుటచే ఉత్తరదేశముల ప్రాచీనతకు తలమానికములైన వానిని, హైడెన్‌రైక్ అను కంసాలి యా భాండారమునుండి దొంగిలించి కరగించెను. ఆతడు పట్టుబడిన విధము తెలుగువారు వినదగినది. బంగారములో ఇత్తడి కలిపి, దేవతామూర్తులు గల మన దక్షిణదేశపు వరహాలకు నకళ్లు చేసి యమ్మజూపుచున్నాడని కంసాలి సంఘపు పెద్ద యాతనిని శంకించి కనిపెట్టియుండగా, ముద్రకమ్ములను నగరపు కందకములో పాఱవేయుచు నాతడు కంటబడెను. రోమునకు పంపిన కొమ్ముల పోతనమూనా లంతకు మునుపే ఓడతోకూడ మునిగిపోయియుండెను. నేడు మనము చూచు కొమ్ములు, 1641లో వోర్మ్ ప్రకటించిన చిత్రపటమును, పొట్టికొమ్ము దొరికినప్పుడు వ్రాసిన మఱియొక చిత్రమును ఆధారముగా గొని చేసిన ప్రతిరూపములు. బంగారము పోయినది, వర్ణన నిలిచినది. సేకరణలను గూర్చి నేను చెప్పదలచిన మాటకు ఇంతకు మించిన సాక్ష్యము వలదు.

వర్ణన విలువను చక్కగా నెఱిగినవాడు తోమ్సెన్. మానవచరిత్రను శిలాయుగము, కంచుయుగము, ఇనుపయుగమని విభజించిన యీ మహానుభావుడు వర్తకుని కుమారుడు, పండితపట్టము లేనివాడు, మొదట నాణెముల సేకరణలోనే చేయి తిరిగినవాడు. ఏ నాణెము ఏ నిక్షేపములో దేనితో గూడ దొరికినదో వ్రాసియుంచక, లోహమును మాత్రము దాచుట నిరర్థకమని నాణెములు నేర్పిన పాఠమునే ఆయన రాతిగొడ్డళ్లకును, కంచుకత్తులకును అన్వయించెనని నేను తలతును. రాజసంగ్రహమునకు ఆయన అధికారియయ్యెను; 1865లో ఆయన గతించిన పిమ్మట ఆయన సొంత నాణెముల పట్టిక సంపుటములుగా వెలువడి, చెదరిపోయిన యా సేకరణకు శాశ్వతరూపము నిచ్చినది.

లార్స్ ఎమిల్ బ్రూన్ ఆ పరంపరలోనివాడే. 1852లో జన్మించి, 1859లో దగ్గరి బంధువొకని మరణమువలన కొన్ని నాణెములు చేతికి రాగా, ఏడేండ్ల ప్రాయముననే యా వ్యసనమున బడెను. ఇరువది దాటిన యౌవనమున, తండ్రి యాస్తి యంతయు కరగిపోయినదని తెలిసి, అప్పు తెచ్చి వ్యాపారమున దిగి, వెన్నను మూటగట్టి విదేశముల కెగుమతి చేసి, పిమ్మట స్థిరాస్తులు కొని, దేశమందలి ధనికులలో నొక్కడయ్యెను. 1885లో డెన్మార్కు నాణెశాస్త్రసంఘము స్థాపితమైనప్పుడు అందు తొలిసభ్యుడు. డెన్మార్కు, నార్వే, స్వీడను దేశముల నాణెములు, పతకములు, నోట్లు కలిసి యించుమించు 20,000 ఆతని వద్ద చేరినవి. ధనముతో కొన్నవాడని యాతనిని తేలికగా జూచుట న్యాయము కాదు. డబ్బున్నవారెల్ల డెబ్బదియొక యేండ్లు బ్రతికి, అందు అరువదికి మించిన యేండ్లు ఒక్క విషయముపై మనసు నిలుపలేదు. అరిగిన మార్కునకును, మెఱయు డాలరునకును సమమైన శ్రద్ధ చూపుట సంపదచే వచ్చు గుణము కాదు.

మొదటి మహాయుద్ధములో యూరపు నగరములు ఫిరంగులచే కూలుటను ఆతడు కన్నులార జూచిన తరమువాడు. కోపెన్‌హేగన్‌నకు ఆ భయము క్రొత్తదియు గాదు. 1728 నాటి మహాగ్నిలో విశ్వవిద్యాలయపు గ్రంథాలయము భస్మమైనది, 1807 సెప్టెంబరులో బ్రిటిషువారు నగరముపై గుండ్లు కురిపించిరి, రాజప్రాసాదము 1794లోను 1884లోను తగులబడినది. ఈ జ్ఞాపకములతో నాతడు వ్రాసిన వీలునామా ప్రపంచములోని సేకర్తల చరిత్రలో విలక్షణమైనది. తన మరణానంతరము నూఱేండ్లు ఆ సేకరణ చెక్కుచెదరక యుండవలెను. ఆ కాలమున యుద్ధమువలన గాని, అగ్నివలన గాని రాజసంగ్రహము నశించినచో దాని స్థానమున తనది నిలువవలెను. అట్లు జరుగనిచో, నూఱేండ్లు నిండిన పిమ్మట నమ్మి ఆ సొమ్ము తన వంశీకులకు బంచవలెను. 1923లో ఆతడు మృతినొందెను. నాణెములు తొలుత ఫ్రెడరిక్స్‌బోర్గ్ కోటలోను, తరువాత జాతీయబ్యాంకు నేలమాళిగలోను దాగినవి. వారసులలో కొందఱు వీలునామాను భంగపఱుప యత్నించి విఫలులైరి. రెండవ మహాయుద్ధమున జర్మనులు దేశము నాక్రమించియున్నను రాజసంగ్రహము క్షేమముగా బయటపడినది. 2023లో గడువు తీఱినది.

ఆతని సంకల్పమునకు నేను చేతులు జోడింతును. ఆతడు పెట్టిన పద్ధతితో మాత్రము నేకీభవింపలేను. దేశమునకు ఆపద్ధనముగా ఒక సేకరణను నిలుపుట మహోదారము. కాని నూఱేండ్లపాటు పాఠశాల పిల్లవాని కంట బడక, శిల్పవిద్యార్థి చేతి భూతద్దమునకు చిక్కక, చీకటిలో నున్న వెండి ఎవరికి సేవ చేసినది? రాజసంగ్రహముతోపాటు ఏటికొక్క నెల యైనను దీనిని ప్రజలకు జూపుడని యొక్కవాక్యము వీలునామాలో నుండినచో, మూడుతరముల డెన్మార్కు బిడ్డలు తమ నగరము నిలిచిన రాత్రికి సాక్షియైన నాణెముల వరుసను జూచి పెఱిగియుందురు. భద్రత, దర్శనము పరస్పరవిరుద్ధములని తలచుట ధనాగారపాలకుల భ్రమ. 1802లో కొమ్ములు పోవుటకు కారణము ప్రజలు వానిని జూచుట కాదు. వానికి తగిన కావలి లేకపోవుట.

అయినను ఆ నూఱేండ్లును వృథాగా బోలేదన్నచో, ఆ ఘనత పుస్తకములది. షౌ అను పండితుడు 1926లో ప్రకటించిన డెన్మార్కు, నార్వే నాణెముల వర్ణనగ్రంథము, 1928లో వెలువడిన బ్రూన్ సేకరణ పట్టిక, అటుపిమ్మట హోల్గర్ హెడె సిద్ధపఱచిన సూచిక, ఇవి చేతనున్న విద్వాంసుడు నాణెమును జూడకయే దాని రూపమును, రకమును, అచ్చుభేదమును గ్రహింపగలిగెను. నేటికిని కోపెన్‌హేగన్ నాణెవర్తకుడు మూడవ ఫ్రెడరిక్ క్రోనను చేతబట్టిన మఱుక్షణమున నడుగునది దాని హెడె సంఖ్యను. ఆ తరువాత నడుగునది అది యే సేకరణలో నుండెనని. తోమ్సెన్ వద్ద నుండెనా, బ్రూన్ కొనెనా, ఏ వేలమున ఏ సంఖ్య క్రింద నమ్ముడయ్యెను? బ్రూన్ వద్దనుండిన ఆంగ్లదేశపు నాణెములు 1925లోనే లండనులో వేలమునకు పోగా, వంద యేండ్ల తరువాతను ఆ పెన్నీలు ఆతని పేరుతోనే చలామణి యగుచున్నవి. కొక్కెము తీసిన గుర్తు, గీటు, బంగారుపూత జాడ, అన్నియు వ్రాతలో నెక్కవలెను. ఆభరణముగా ధరింపబడిన నాణెము మచ్చపడినదని వర్తకుడు వెల తగ్గించును. కాని ఎబెనేజరు వంటి నాణెమునకు ఎవరైన నొక కొక్కెమతికించి మెడలో వేసికొనియుండినచో, ఆ కుటుంబమునకు ఆ రాత్రి యెంత ప్రాణప్రదమో చెప్పు సాక్ష్యమది. నా మనసులో దాని వెల పెరుగును.

ఇప్పుడు సేకరణ చెదరుచున్నదని విలపించువారితో నేను గొంతు కలుపను. ఇదే రకపు నాణెములు పెక్కు రాజసంగ్రహమున నున్నవి. వానినే మరల కొని రెండవ పెట్టెలో మూయుట ప్రజాధనమునకు మేలు కాదు. వేలము పాడినవారు ప్రతి నాణెమునకును చక్కని ఛాయాచిత్రము తీసి, పూర్వగ్రంథముల సంఖ్యలతో వివరము వ్రాసి ప్రకటించుటచే, నూఱేండ్లలో జరుగని ప్రదర్శనము ఇప్పుడు జరుగుచున్నది. చెదరుటలో నష్ట మంతయు వంశావళి తెగిపోవుటలో నున్నది. బ్రూన్ నాణెమునకు తోడుగా వచ్చు పాత కాగితపు చీటీని, అరచేతిలో నిమిడిన యా చిన్నముక్కను, క్రొత్త యజమాని పాఱవేసిననాడు ఆ నాణెము మరల అనాథయగును. ప్లాస్టికు పెట్టెలలో మూసి అంకెల శ్రేణితో వెలకట్టు నేటి యలవాటు చేతిమురికిని గీటును తప్పించునే గాని, చీటీని రక్షింపదు.

నాకు మనసు నొచ్చిన విషయము వేఱొకటి గలదు. సేకరణలోని కొంతభాగముపై జాతీయ వస్తుప్రదర్శనశాలకు ముందుగా కొనుహక్కు నిచ్చిరి. వారు పదునైదవ, పదునేడవ శతాబ్దుల నడుమ డెన్మార్కు, నార్వే రాజులు ముద్రింపించిన ఏడు నాణెములను, ఒక సాంస్కృతిక సంఘపు ధనసాహాయ్యముతో, పది లక్షల యూరోలకు కొనిరి. వాని వంటివి వేఱొకచోట లేవని గ్రంథములు చెప్పుచున్నందున కొంటిమని వారు తెలిపిన కారణము సమంజసమే. కాని ఆ యేడింటిలో ఆఱు బంగారము, వెండి ఒక్కటియే. ప్రపంచములో నొకటే మిగిలినది గావున కొనుట ఒక న్యాయము. ఒక జనసమూహపు బ్రతుకును మోయుచున్నది గావున కొనుట మఱియొక న్యాయము. రెండవదానికి దేశపు వస్తుప్రదర్శనశాల చోటీయనిచో మఱెవ్వరు నిత్తురు? వర్తకుడు ఈయడు, ఇచ్చుట యాతని ధర్మమును గాదు.

ఆ వేలములు ఇంకను సంవత్సరముల పాటు విడతలు విడతలుగా సాగవలసి యున్నవి. హాన్స్ రాజు నోబుల్ పలికిన వెలతో ఆ సేకరణలోని వెండినాణెములను పెక్కింటిని కొనవచ్చును. ముట్టడులలో ముద్రితమైనవి, నార్వే గనుల తొలివెండితో చేసినవి, పూర్వసేకర్తల చీటీలు తెగక వచ్చినవి యేవేవో ప్రతి వేలమునకు ముందే పరిశీలించి, అదే సాంస్కృతిక సంఘపు తోడ్పాటుతో వానిని వరుసగా కొని, చీటీలతో సహా గాజుబల్లల క్రింద ప్రజలకు జూపవలెనని, రాజసంగ్రహపు అధికారులను నేను కోరుచున్నాను. ప్రైవేటు సేకర్తలు తాము కొన్న ప్రతి బ్రూన్ నాణెపు ఛాయాచిత్రమును, పాతచీటీ నకలును కోపెన్‌హేగన్ సంగ్రహమునకు పంపి యుంచినచో, ఆ నాణెములు ఏ దేశమున, ఎవరి యింట నున్నను, పరిశోధకునకు ఒక్కచోటనే దొరకును.